చలికాలపు విత్తు: కొలంబైన్ గింజలతో కొన్ని పరీక్షలు

విత్తుట యనగానే మన మనస్సునకు తొలకరి తోచును. మృగశిర కార్తె ప్రవేశించి, నాలుగు వానలు పడి, నేల పదునెక్కిన తరువాత గొర్రు కట్టుట మన రైతు ఎరిగిన విద్య. మనకును రబీ పంటలు కలవు. శనగలు, తెల్లజొన్నలు చలికాలపు పైరులే. కాని అవి కూడ నేలలో వెచ్చదనము మిగిలియుండగనే పడు విత్తులు. తేమ, గాలి, వెచ్చదనము ఈ మూడును సమకూరినచో గింజ మొలచునని బడిపిల్లవాడు సైతము చెప్పగలడు.

అమెరికా ఉత్తర భాగమునందును, ఐరోపా చలిదేశములందును కొందరు తోటమాలులు దీనికి పూర్తిగ విరుద్ధమైన పని చేయుదురు. డిసెంబరు, జనవరి మాసములలో, నేల రాయివలె గడ్డకట్టియున్నప్పుడు, వారు కుండీలలో విత్తనములు చల్లి, ఆ కుండీలను ఇంటిలోనికి తెచ్చుకొనక మంచు కురియుచున్న పెరటిలోనే వదలివేయుదురు. చూచువారికిది వెర్రిగ తోచవచ్చును. కాని ఆ విత్తనములలో కొన్నింటికి చలి తగులనిదే మెలకువ రాదు. అట్టివానిలో కొలంబైన్ అను పూలమొక్క యొకటి. దాని గింజలను చలికాలమున ఎన్ని విధములుగ విత్తవచ్చునో, ఏ విధము మేలైనదో తెలిసికొనుటకు పరీక్ష యెట్లు చేయవలెనో ఈ ప్రసంగమున వివరింతును.

మొదట మొక్కను పరిచయము చేసికొందము. కొలంబైన్ శాస్త్రనామము అక్విలీజియా. 1753లో లిన్నేయస్ పండితుడు తన గ్రంథమున ఈ పేరును స్థిరపరచెను. ఉత్తరార్ధగోళమందలి చలి మండలములలో దీని జాతులు అరువదికి పైగా కలవు. మోకాలెత్తు మొక్క, మూడేసి భాగములుగ చీలిన లేత ఆకులు, సన్నని కాడల చివర తలవంచుకొని వ్రేలాడు పూవులు. ప్రతి ఆకర్షక పత్రమునకును వెనుకవైపున కొమ్మువలె పొడుగైన గొట్టమొకటి సాగియుండును. దాని కొనయందు మకరందము నిలుచును. ఆ కొమ్ములు గ్రద్దగోళ్ళవలె ఉన్నవని భావించి, లాటిను భాషలో గ్రద్దకు గల పేరునుండి అక్విలీజియా అన్నారని కొందరందురు. అదే పూవును తలక్రిందులు చేసి చూచినవారికి అయిదు పావురములు గుమిగూడినట్లు కనబడినది. పావురమునకు లాటిను పేరైన కొలంబా నుండి కొలంబైన్ పుట్టినది. ఒకే పూవులో ఒకరికి గ్రద్దయు, మరియొకరికి పావురమును కనబడుట వింతయే.

అమెరికా తూర్పు భాగమున కొండచరియలపైనను, అడవుల అంచులలోను ఎరుపు పసుపు కలిసిన కొలంబైన్ పూయును. ఎర్రని పూవుల తేనెను హమ్మింగ్ పక్షులు త్రాగుచు పుప్పొడిని ఒక పూవునుండి వేరొకదానికి చేర్చును. పడమటనున్న రాకీ పర్వతములలో నీలము తెలుపు కలిసిన జాతి కలదు. 1820లో ఆ కొండలను పరిశీలింపవచ్చిన లాంగ్ దండయాత్రలోని ఎడ్విన్ జేమ్స్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దానిని గుర్తించెను. 1899లో కొలరాడో రాష్ట్రము దానిని తన రాష్ట్రపుష్పముగ ప్రకటించినది. ప్రజలు కొండలకెక్కి మొక్కలను వేళ్ళతో పెకలించుకొనిపోవుచుండుటచే 1925లో ఒక శాసనమును చేసి, ప్రభుత్వ భూములలో ఈ మొక్కను పెకలించుటను నిషేధించి, ఒకడు ఒక దినమున ఇరువదియైదు పూవులకు మించి కోయరాదని కట్టడి చేసినది. మన దేశములోను హిమాలయ సానువులందు, కాశ్మీరమునందును హిమాచల ప్రదేశమునందును కొలంబైన్ జాతులు కలవు. వానిలో ఒకదాని లేతవన్నె పూవులకు సువాసన కూడ కలదు.

ఇక గింజ కథ. పూవు రాలిన తరువాత అయిదు కాయలు పైకి నిక్కి నిలుచును. అవి ఎండి పైకొనలు విచ్చుకొనగనే, గాలికి కాడ ఊగినప్పుడెల్ల, నల్లగ నిగనిగలాడు చిన్నగింజలు ఉప్పుబుడ్డినుండి ఉప్పు రాలినట్లు చుట్టును రాలును. ఇది జూను, జూలై నెలలలో జరుగును. అప్పుడు నేల వెచ్చగనే ఉన్నది, వానయు పడుచున్నది. అయినను పెక్కు గింజలు ఆ యేడు మొలవవు. ఆ యాకురాలు కాలమును, చలికాలమును గడపి, మరుసటి వసంతమున మొలచును. ఎందుచేత?

గింజలోని పిండము ఇంకను పసిదై యుండుట ఒక కారణము. చిక్కుడు గింజను నానబెట్టి చీల్చి చూచినచో, లోపల చిన్నమొక్క యంతయు తయారైయుండుట కనబడును. కొలంబైన్ గింజలో అట్లు కాదు. గింజ నిండ ఆహారపదార్థమే యుండి, పిండము ఒక మూల సూదికొనంత యుండును. తల్లినుండి విడివడిన తరువాత, తేమ తగిలిన గింజలోపలనే అది కొంత పెరుగవలెను. రెండవ కారణము గింజలోని రసాయనముల తూకము. మొలకను ఆపియుంచు పదార్థమొకటి, మొలకను పురికొల్పు పదార్థమొకటి గింజలలో కలవు. మొదటిదానికి ఆబ్సిసిక్ ఆమ్లమని పేరు, రెండవవి జిబ్బరెల్లినులు. చల్లని తేమలో కొన్ని వారములున్న గింజలో మొదటిదాని పట్టు సడలి, రెండవదాని బలము హెచ్చును. అప్పుడు వెచ్చదనము తగిలినచో గింజ మొలచును.

ఈ జిబ్బరెల్లినుల జాడ మొదట దొరికినది వరిపొలములోనే యనుట మన రైతులకు ఆసక్తి కలిగించు విషయము. ఒక శిలీంధ్రము సోకినప్పుడు వరినారు అమితముగ పొడుగు సాగి, పాలిపోయి, పడిపోవును. 1926లో కురొసావా అను జపాను శాస్త్రజ్ఞుడు, ఆ శిలీంధ్రము స్రవించు పదార్థమే మొక్కను పొడుగు సాగదీయుచున్నదని నిరూపించెను. తెగులుగ తెలియవచ్చిన ఆ పదార్థము ఆరోగ్యవంతమైన మొక్కలలోను సహజముగనే యున్నదని తరువాత తేలినది.

విత్తనమునకు నిద్ర యుండునన్న మాట మనకు క్రొత్త కాదు. వేరుసెనగలో గుత్తిరకము కాయలు పక్వమైన తరువాత పీకుటకు ముందు వాన పట్టినచో నేలలోనే మొలకెత్తి రైతును నష్టపరచును. తీగరకము కాయలు అట్లు తొందరపడవు, కొన్నాళ్ళు నిద్రించును. తుమ్మగింజకు గట్టి పెంకే బీగము. వేడినీటిలో నానవేసినను, మేక తిని విసర్జించినను ఆ బీగము సడలును. వేపగింజ కథ వేరు. దానికి నిద్ర అంతగ లేదు సరికదా, కొద్దివారములు నిలువయుంచినచో మొలకశక్తియే సన్నగిల్లును. ఒక్కొక్క గింజకు ఒక్కొక్క బీగము. ఒక్కొక్క బీగమునకు వేరొక తాళపుచెవి. కొలంబైన్ గింజకు తాళపుచెవి చలి.

చలి యన్నను ఏ చలి? ఇచ్చట పెక్కుమంది పొరపడుదురు. విత్తనముల పొట్లమును ఉన్నదున్నట్లుగ ఫ్రీజరులో పడవైచి, నెల గడచిన తరువాత తీసి నాటి, చలి చూపించితిమనుకొందురు. పొడిగింజకు చలి చూపించుట నిద్రపోవువానికి దుప్పటి కప్పుటయే. వానిని లేపుట కాదు. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువులోని ఇక్రిసాట్ జన్యునిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుసెనగ మున్నగువాని విత్తనముల నమూనాలు లక్షకు పైగా భద్రపరచబడియున్నవి. బాగుగ ఆరబెట్టిన గింజలను నాలుగు డిగ్రీల చలిలోను, దీర్ఘకాలపు నిలువకై సున్నకు దిగువ ఇరువది డిగ్రీల చలిలోను ఉంచుదురు. అచ్చట చలి చేయుపని గింజను ఏండ్ల తరబడి నిద్రపుచ్చుట. అదే నాలుగు డిగ్రీల చలి నీరు పీల్చి ఉబ్బిన కొలంబైన్ గింజకు తగిలినచో, దానిని మేలుకొలుపును. భేదమంతయు తేమలో ఉన్నది.

మరియొక సంగతి. చలి యెంత ముదిరిన అంత మంచిదనుకొనరాదు. నీరు గడ్డకట్టు చలిలో గింజలోని పనులు దాదాపుగ నిలిచిపోవును. సున్నకు పైన కొద్ది డిగ్రీలు మొదలు పది డిగ్రీల వరకు గల చలియే పని చేయు చలి; అయిదు డిగ్రీల ప్రాంతము శ్రేష్ఠము. మినెసోటా వంటి ప్రదేశమున జనవరి నడుమ సున్నకు దిగువ ఇరువది డిగ్రీలకు పడిపోయినప్పుడు, నేలలోని గింజ ఏమియు చేయక ఊరకుండును. అసలుపని నవంబరులోను, తిరిగి మార్చి, ఏప్రిలు నెలలలోను, మంచు కరగి నేల తడిసియున్నప్పుడు జరుగును. గింజకు పనికివచ్చునది నడిచలి కాదు. చలికాలపు రెండు అంచులు.

ఈ రహస్యమును శాస్త్రజ్ఞులు రసాయనముల పేర్లతో వివరించుటకు ఎంతోముందే తోటమాలులు అనుభవముచే గ్రహించిరి. ఇంగ్లండులో జాన్ ఎవిలిన్ 1664లో ప్రకటించిన సిల్వా యను వృక్షగ్రంథమున, చెట్ల విత్తనములను తేమగల మట్టిపొరల నడుమ పొరలు పొరలుగ పేర్చి చలికాలము గడపు పద్ధతి వర్ణింపబడినది. గింజలకు తడిచలి చూపించుటను నేటికిని ఆ భాషలో పొరలు పేర్చుట యను అర్థము గల మాటతోనే వ్యవహరించుచున్నారు. పొరలు పోయినను పేరు నిలిచినది.

ఇప్పుడు విత్తు పద్ధతులకు వత్తము. వాడుకలోనున్నవి ముఖ్యముగ నాలుగు.

మొదటిది ప్రకృతి పద్ధతి. అక్టోబరు, నవంబరు మాసములలో మడిని చదునుచేసి, గింజలను పైపైన చల్లి, అరచేతితో అదిమి వదలివేయుట. కొలంబైన్ గింజ మొలచుటకు వెలుతురు తోడ్పడును గనుక మట్టి కప్పరాదు. కప్పినను ఇసుక చిలకరించినంత పలుచగ ఉండవలెను. ఖర్చు లేదు, శ్రమ లేదు. నష్టము మాత్రము ఉన్నది. వాన గింజలను కొట్టుకొనిపోవును. చీమలు, ఎలుకలు, పక్షులు కొన్నింటిని హరించును. వసంతమున కలుపుమొలకల నడుమ ఏది కొలంబైన్ మొలకయో గుర్తించుట క్రొత్తవారికి కష్టము. మంచు దట్టముగ కప్పిన యేడు గింజలు దుప్పటి క్రింద భద్రముగ నుండును. మంచు లేక, పగలు కరగుచు రాత్రి గడ్డకట్టుచునుండు యేడు నేల పొంగి అణగి గింజలను చెదరగొట్టును.

రెండవది కుండీ పద్ధతి. అడుగున రంధ్రములుగల కుండీలో మట్టిమిశ్రమము నింపి, గింజలు చల్లి, పైన సన్నగులక పలుచగ పరచి, ఇంటికి ఉత్తరపు నీడలో ఉంచి, ఎలుకలు రాకుండ తీగవల కప్పుట. గింజలు ఎచ్చటనున్నవో తెలియును. ఎన్ని మొలచినవో లెక్కింపవచ్చును. కాని చిన్నకుండీలోని మట్టి నేలకంటె త్వరగ ఆరును. మంచు లేని పొడివారములలో తడి చూచుకొనుచుండవలెను. ఆరిన కుండీలో గడచిన చలిదినములు గింజ లెక్కలోనికి రావు.

మూడవది ఈ శతాబ్దారంభమునుండి అమెరికా పెరటితోటలలో బాగుగ ప్రచారమునకు వచ్చిన పాలడబ్బా పద్ధతి. అచ్చట పాలు ఇంచుమించు నాలుగు లీటర్లు పట్టు ప్లాస్టిక్ డబ్బాలలో అమ్ముదురు. వెలుతురు లోనికి చొరబడు ఖాళీ డబ్బాను నడుమ చుట్టును కోసి, పిడివైపున కొద్దిభాగమును మడతబందువలె విడిచిపెట్టుదురు. అడుగున రంధ్రములు చేసి, నాలుగంగుళముల మందమున తడిమట్టి నింపి, గింజలు చల్లి, పైభాగమును మూసి అంటుపట్టీ వేసి, మూతిబిరడాను మాత్రము తీసివేసి, ఆరుబయట పెట్టుదురు. ఆ మూతిగుండ మంచును, వానయు లోపలికి చేరును. లోపలి తేమ త్వరగ ఆరదు. ఎలుక, పిట్ట చొరవు. ఇది చిన్న గాజుటింటివంటిది. అందుచేతనే దీనికొక ప్రమాదమును కలదు. వసంతమున ఎండ కాచిన దినమున లోపల వేడి త్వరగ హెచ్చి లేతమొలకలు వాడిపోవును. మొలక కనబడిన నాటినుండి పగలు మూత తెరచి, రాత్రి మూయుచుండవలెను.

నాలుగవది రిఫ్రిజిరేటరు పద్ధతి. కాగితపు తువాలును తడిపి, పిండి, దానిలో గింజలు పరచి మడిచి, పలుచని ప్లాస్టిక్ సంచిలో ఉంచి, నాలుగైదు డిగ్రీల చలిలో పెట్టుట. ఇందులో పేరెన్నికగన్నవాడు పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రాచార్యుడుగ నుండిన నార్మన్ డీనో. ఆయన వేలకొలది మొక్కజాతుల గింజలను తడికాగితములలో ఉంచి, మూడు నెలలు నాలుగు డిగ్రీలలోను, మూడు నెలలు ఇరువదియొక్క డిగ్రీలలోను మార్చి మార్చి పరీక్షించి, ఫలితములను 1990 తరువాతి సంవత్సరములలో తానే పుస్తకములుగ అచ్చువేయించెను. ఇంటి వంటగదిలో దొరకు వస్తువులతోనే ఇంతటి పని చేయవచ్చునని ఆయన చూపెను. అమెరికా తూర్పుజాతి కొలంబైన్ గింజలకు సాధారణముగ ముప్పది దినముల తడిచలి చెప్పుదురు. కొండజాతులకు అంతకంటె హెచ్చుకాలము పట్టవచ్చును. వారమునకొకసారి విప్పి, బూజు పట్టినదేమో, మొలక వచ్చినదేమో చూడవలెను. గడువు తీరిన తరువాత గింజలను మట్టిపై చల్లి, ఇరువది డిగ్రీల ప్రాంతమున వెలుతురులో ఉంచినచో రెండుమూడు వారములనుండి మొలకలు కనబడును. చలిని మనము కొలిచి ఇయ్యగలుగుట ఇందలి మేలు. మొలిచిన నారును వసంతమువరకు ఇంటిలో సాకి, పిదప బయటి గాలికి కొద్దికొద్దిగ అలవాటు చేయవలసివచ్చుట ఇందలి శ్రమ.

నాలుగు పద్ధతులు వినిన తరువాత శ్రోతలడుగు ప్రశ్న ఒక్కటే: వీనిలో ఏది మంచిది? ఈ ప్రశ్నకు అందరికిని సరిపడు సమాధానము లేదు. ఊరినిబట్టి చలి మారును. ఏటినిబట్టి మంచు మారును. పొట్లమునుబట్టి గింజ మారును. తాజాగింజలలో కొన్ని చలి లేకుండగనే మొలచును. ఏండ్లు నిలువయున్నవి మొలవనే మొలవకపోవచ్చును. తోటలలోని సంకరజాతులలో కొన్ని నిద్రతక్కువవి. కనుక సమాధానమును గింజనే అడుగవలెను. అడుగుటకు ఒక క్రమము కలదు.

ఒక పొట్లమున నూరు గింజలున్నవనుకొందము. వానిని మొదట బాగుగ కలిపి, ఇరువదేసి చొప్పున అయిదు భాగములు చేయవలెను. నాలుగు భాగములను పైన చెప్పిన నాలుగు పద్ధతులలో విత్తవలెను. అయిదవ భాగమును ఏ చలియు చూపక ఇంటిలోపల వెచ్చని చోట విత్తవలెను. ఈ అయిదవ భాగమే పరీక్షకు ప్రాణము. అది లేనిచో, మిగిలిన నాలుగింటిలో మొలచిన గింజలు చలివలన మొలచినవో, చలి లేకున్నను మొలచెడివో చెప్పుటకు వీలులేదు. మన వ్యవసాయ పరిశోధన క్షేత్రములలో ఎరువు వేసిన మడుల ప్రక్కనే ఎరువు వేయని మడిని ఒకటి విడుచుట ఇందుకొరకే.

ఒక పద్ధతికిని మరియొకదానికిని నడుమ చలి చూపు తీరు తప్ప వేరుభేదము లేకుండ చూచుకొనవలెను. ఒక కుండీలో తోటమట్టి, మరియొకదానిలో కొనితెచ్చిన మిశ్రమము వాడినచో ఫలితము మట్టిదో, చలిదో తెలియదు. ప్రతిదానికిని చీటి కట్టవలెను. సిరా ఎండకు వెలసిపోవును. పెన్సిలు వ్రాత నిలుచును. విత్తిన తేదీ, తొలిమొలక తేదీ, వారము వారము మొలచిన సంఖ్య, జూను నెలాఖరునకు బ్రదికియున్న మొక్కల సంఖ్య, వీనిని ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. మొలచిన వానిని, బ్రదికిన వానిని వేరువేరుగ లెక్కించుట ముఖ్యము. రిఫ్రిజిరేటరు నుండి వచ్చినవి మొలకలో ముందుండి, గాలి చాలని ఇంటిలో నారుకుళ్ళు తెగులుచే పడిపోవచ్చును. ఆరుబయట మొలచినవి తక్కువయైనను గట్టిగ నిలువవచ్చును. తోటమాలికి కావలసినది మొలక కాదు, మొక్క.

ఇక లెక్కను చదువుటలో జాగ్రత్త. ఇరువది గింజలలో ఒక పద్ధతిన పండ్రెండును, వేరొక పద్ధతిన పదియును మొలచినచో మొదటిది గెలిచినదనరాదు. రూపాయిబిళ్ళను ఇరువదిసార్లు ఎగురవేసి, మరల ఇరువదిసార్లు ఎగురవేసినచో, బొమ్మ పడు సంఖ్య రెండుసార్లును ఒక్కటిగ ఉండదు; అది బిళ్ళలోని దోషము కాదు. ఒకదానిలో పదునెనిమిదియు, వేరొకదానిలో నాలుగును మొలచినచో అది కేవలము యాదృచ్ఛికము కాదని నమ్మవచ్చును. ఆ నమ్మకమును కూడ మరుసటి యేడు మరల పరీక్షించినప్పుడే ఊరి అనుభవమని చెప్పదగును. మంచు కురిసిన ఒక్క యేటి సాక్ష్యము మంచు లేని యేటికి చెల్లదు. మొదటి వసంతమున మొలవని కుండీని పారవేయనురాదు. కొన్ని గింజలు రెండవ చలికాలమును చూచినగాని కదలవు.

ఇంత పరీక్ష ఒక పూలమొక్కకు అవసరమా యని అడుగవచ్చును. ఒక విషయమును గమనింపుడు. కొలంబైన్ గింజ మొలచిన యేడు సాధారణముగ పూయదు. రెండు గుండ్రని బీజదళములు, వాని తరువాత మూడుభాగముల చిన్నాకులు, ఒక వేసంగి అంతయు ఆకుల గుబురు మాత్రమే. ఆ మొక్క తిరిగి ఒక చలికాలమును గడపిన తరువాతనే మొగ్గతొడుగును. గింజకొక చలి, మొక్కకొక చలి, రెండు చలులు దాటినగాని ఒక పూవు లేదు. పొట్లమంతయు ఒకే పద్ధతిని విత్తి, అది ఆ యేడు వమ్మైనచో పోయినది నాలుగు డాలర్లు కాదు, తోటమాలి జీవితములో ఒక సంవత్సరము. అయిదు భాగములు చేసి విత్తినవాడు ఒకటిరెండు భాగములు పోయినను పూవును చూచును. దానితోపాటు తన నేల స్వభావమును తెలిసికొనును.

కొండలపై సహజముగ పెరుగు మొక్కల విషయమున ఇంతకంటె బాధ్యత కలదు. మొక్కలను పెకలించుట చట్టవిరుద్ధమైన చోట్ల వాని సంతతిని పెంచుటకు గింజయే దారి. గింజలను కోయుటకును అనుమతి యవసరమైన చోట్లు కలవు. అనుమతి యున్నను కొద్దిగనే తీసికొని, అధికభాగమును నేలకే విడువవలెను. భూగోళము వేడెక్కుచున్న ఈ కాలమున పెక్కు కొండలపై మంచుకప్పు కాలము తగ్గుచున్నది. చలిని లెక్కపెట్టి మొలచు గింజకు ఆ లెక్క తప్పినచో ఏమగునో పరిశీలించుట నేటి వృక్షశాస్త్రజ్ఞుల ముఖ్యకార్యములలో ఒకటి. పెరటిలో ఇరువది గింజలను లెక్కించువాని పుస్తకము ఆ పెద్దపనికి చిన్నతమ్ముని వంటిది.

మన తెలుగువారు నేడు న్యూజెర్సీ, చికాగో, డల్లాసు ప్రాంతములలో వేలకొలది కుటుంబములుగ స్థిరపడియున్నారు. వేసవి వచ్చినంతనే పెరటిలో గోంగూర, బీర, ఆనప, తోటకూర వేయని ఇల్లు అరుదు. ఆ విత్తనములన్నియు వెచ్చదనమును కోరునవి. అక్టోబరు మంచుతో ఆ తోట ముగియును. తరువాత అయిదారు నెలలు పెరటివైపు చూచువారుండరు. అట్టివారికి కొలంబైన్ మంచి చెలిమి. గోంగూర మడి ఖాళీయైన నెలలోనే దీనికి పని మొదలగును. చికాగో, న్యూజెర్సీ చలి దీనికి చాలును. డల్లాసు వంటి చోట్ల కొన్ని యేండ్లలో చలి నిలుకడగ నుండదు గనుక రిఫ్రిజిరేటరును నమ్ముకొనుట మేలు. టెక్సాస్ పడమటి కొండలలో సహజముగ పెరుగు పసుపుపచ్చని జాతి ఆ వేడికి కొంత ఓర్చుకొనును. పసిపిల్లలున్న ఇంటివారు ఒక జాగ్రత్త తీసికొనవలెను: ఈ మొక్క గింజలలోను, వేళ్ళలోను విషపదార్థములు కలవు గనుక గింజలను పిల్లలకు అందనీయరాదు.

హైదరాబాదులోను, విజయవాడలోను ఈ పూవును పెంచవచ్చునా? రిఫ్రిజిరేటరులో గింజను మేలుకొలుపుట ఇచ్చటనైనను సాధ్యమే. కాని మొలచిన మొక్క మన ఏప్రిలు, మే నెలల ఎండకు ఓర్వలేదు. ఓర్చినను రెండవ చలి దానికి దొరకదు. అందుకు విచారింప పనిలేదు. మన నేలకు తగిన పూవులు మనకు కలవు. ఈ గింజ నేర్పు పద్ధతి మాత్రము ఏ నేలకైనను తగును. మొలవని గింజను చచ్చినదని పారవేయుటకు ముందు, దాని బీగమెట్టిదో, మనము చూపినది సరియైన తాళపుచెవియేనా యని విచారింపవలెను. పొట్లమునంతటిని ఒక్క పద్ధతిపై పెట్టక పంచి విత్తవలెను. ఒక భాగమును ఏమియు చేయక ప్రక్కన ఉంచవలెను. తేదీ వ్రాయవలెను. రెండవ వసంతమువరకు కుండీని కదపరాదు. నవంబరున విత్తువారు ఈ నాలుగు మాటలను విత్తనముల పొట్లముపైననే వ్రాసికొనినచో చాలును.